పొదుపు సంఘంతో గృహహింసను ఆపడం ఎలా?

విశాఖలో ఏ వాడకెళ్లినా ఒక డ్వాక్రా సంఘం ఉంటుంది. నెలకోసారి పదిమంది కూర్చుని పుస్తకాలు తీస్తారు, వాయిదాలు లెక్కేస్తారు. ఎవరింట్లో రాత్రి గొడవైందో కూడా ఆ కాసేపట్లోనే తెలిసిపోతుంది. అందుకే దీనికోసం కొత్త సంఘం, కొత్త బోర్డు అక్కర్లేదు. ఉన్నదాంతోనే మొదలుపెట్టవచ్చు.

1. ముందు నలుగురైదుగురు చాలు

పదిమందినీ కలపకండి. కొట్టేవాడి అక్కో వదినో ఆ పదిమందిలోనే ఉండవచ్చు. నోరు జారనివాళ్లను, రాత్రిపూట తలుపు తీసేవాళ్లను ఎంచుకోండి. కాగితాలు చదవగలిగేవాళ్లు ఒకరుండాలి. వాడలో వడ్డీకి తిప్పే ఆవిడ మాత్రం వద్దు, అప్పున్నవాళ్లు ఆమె ముందు నోరు విప్పరు. జాలారిపేటలో తెల్లవారకముందే చేపలకు హార్బర్‌కి పోయే అప్పలకు (అక్కలకు) పొద్దున్న మీటింగంటే కుదరదు. టైము వాళ్లనే అడిగి పెట్టండి.

2. అడిగే తీరు నేర్చుకోండి

"నీ మొగుడు కొడుతున్నాడా?" అని పదిమందిలో అడిగితే ఎవరూ ఔననరు. వాయిదా ఎందుకు ఆగింది, లోను డబ్బు ఎవరి చేతికెళ్లింది, ఫోను ఎవరి దగ్గరుంటుంది అని పక్కకు పిలిచి అడగండి. ఎండాకాలంలో నిండు చేతుల జాకెట్టు, వారంలో రెండోసారి "మెట్ల మీద జారాను" అనడం... ఇలాంటివి మన కంటికే ముందు పడతాయి.

ఆమె చెప్పడం మొదలుపెట్టాక "నువ్వేమన్నావు?" అని అడగొద్దు. "ఇందులో నీ తప్పేం లేదు. ఇప్పుడు ఏం చేద్దామంటావు?" అనండి. ఇంట్లో ఉంటానన్నా, బయటికొస్తానన్నా నిర్ణయం ఆమెదే.

విన్నది మినిట్స్ బుక్‌లో రాయకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక్క విషయంలో మాత్రం గుట్టు పనికిరాదు. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. అది పోక్సో చట్టం. పిల్లల విషయానికి 1098 హెల్ప్‌లైన్ ఉంది.

3. తలుపు తట్టండి

అరుపులు వినిపిస్తే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి "అప్పా, కరివేపాకు ఉంటే రెండు రెబ్బలియ్యి" అనండి. బయటివాళ్లు గుమ్మంలో నిలబడితే చాలాసార్లు ఎత్తిన చెయ్యి దిగుతుంది. అతని చేతిలో కత్తో కర్రో ఉంటే మాత్రం ధైర్యాలు వద్దు. దూరంగా ఉండి 112కి ఫోన్ చేయండి.

ఆమె ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, కొంచెం డబ్బు ఒక సంచిలో పెట్టి ఇంకొకరి ఇంట్లో దాచండి. మా వీధిలో అలాంటి సంచి ఒకటి ఏడు నెలలు బియ్యం డబ్బాలో ఉంది.

4. ఆమెతో పాటు వెళ్లండి

దెబ్బలుంటే ముందు ఆసుపత్రి. డాక్టరు చేత గాయాలన్నీ కాగితం మీద రాయించండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోని వన్ స్టాప్ సెంటర్‌లో వైద్యం, పోలీసు, లాయరు సాయం, కొద్దిరోజుల బస ఒకేచోట దొరుకుతాయి. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పోలీసులు "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాల్సిన ఫిర్యాదు. కాపీ ఉచితంగా ఇవ్వాలి.

కేసు పెట్టి మొగుణ్ణి జైల్లో వేయించాలని ఆమెకు లేకపోవచ్చు. అప్పుడు 2005 గృహహింస చట్టం పనికొస్తుంది. ప్రొటెక్షన్ ఆఫీసర్ (ఈ చట్టం కింద సాయానికి ప్రభుత్వం పెట్టిన అధికారి) ద్వారా మేజిస్ట్రేటుకు అర్జీ పెడితే కొట్టకుండా ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగవచ్చు. ఇల్లు అత్తగారి పేరున ఉందని ఆమెను ఊరికే వెళ్లగొట్టలేరు. ఈ చట్టం భార్యలకే కాదు, తల్లికీ అక్కచెల్లెళ్లకీ పనికొస్తుంది. మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా పడాలని, 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. కోర్టులో అంతకంటే సాగుతుంది, కాబట్టి ప్రతి వాయిదాకీ ఎవరు తోడెళ్లాలో వంతులు వేసుకోండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు లాయరు ఉచితం. దానికి నంబరు 15100.

5. పెద్దమనుషులు కావద్దు

మొదట్లో మేమూ ఈ తప్పు చేశాం. ఒకాయన్ని కూర్చోబెట్టి, ఇక కొట్టనని కాగితం రాయించుకుని, టీ తాగి వచ్చేశాం. పదిహేను రోజులకు ఆమె చెయ్యి విరిగింది. ఇప్పుడు రాజీలు కుదర్చడం మానేశాం. రాజీ పడాలో వద్దో ఆమె ఇష్టం, పడ్డాక వారానికోసారి వెళ్లి చూడటం మా పని.

తాగుడు మాన్పిస్తే అన్నీ సర్దుకుంటాయని కొందరంటారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్లిన మాట నిజమే. కానీ చుక్క ముట్టకుండా కొట్టేవాళ్లను మా వీధిలోనే ఇద్దర్ని చూశాను.

6. ఈ నెల మీటింగ్‌లోనే

చివర పదినిమిషాలు దీనికి ఉంచండి. 112, 181, 1098, 15100 నంబర్లు చీటీ మీద రాసి పొదుపు పుస్తకం వెనక అట్టకు లోపలివైపు అంటించండి. ఫోను గోడకేసి కొట్టినా ఆ పుస్తకం మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది.