ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు తోడు వెతుక్కోవడం ఎలా?

ముందుగా తమ బిడ్డ వయసుకూ అవసరాలకూ దగ్గరగా ఉన్న పిల్లల కుటుంబాలను వెతకాలి. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే గ్రంథం ఆటిజంలో కావలసిన సహాయాన్ని మూడు స్థాయులుగా విభజించింది కనుక, మాటలు రాని పిల్లవాడి తల్లికి, చక్కగా మాట్లాడుతూనే స్నేహితులు లేక బాధపడే పిల్లవాడి తల్లి అనుభవం అన్నివేళలా అక్కరకు రాదు. తగిన కుటుంబాలను కనుక్కోవడానికి, మాట నేర్పే స్పీచ్ థెరపిస్టును అడగడం తేలికైన మార్గం. పరిచయమయ్యాక, ఏ చికిత్స మంచిదని కాక, ‘క్షవరం మిషన్ చప్పుడుకు బిడ్డ చెవులు మూసుకుని ఏడిస్తే మీరేం చేస్తారు?’ అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఆటిజంతోనే పెరిగి పెద్దవారైన వ్యక్తుల మాట కూడా తప్పక వినాలి. ఆ చప్పుడు ఎంత బాధిస్తుందో చెప్పగలిగేది వారే. ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామని మందులు అమ్మజూపే బృందానికి, అది ఎంత ఆప్యాయంగా పలకరించినా సరే, దూరంగా ఉండాలి.