జేబులో రెండు కవర్లు

మా కుక్క చిట్టి నేలను వాసన చూస్తూ గుండ్రంగా రెండుసార్లు తిరిగిందంటే, నా చేయి దానంతటదే జేబులోకి పోతుంది. అక్కడ దాని మలం ఎత్తడానికి ఎప్పుడూ రెండు కవర్లు ఉంటాయి. ఒకటి చాలదు. ఇంటిదారి పట్టాక అది మళ్లీ కూర్చోవచ్చు, కవరుకు చిల్లు ఉండవచ్చు. అందుకే బయలుదేరే ముందే కవరులోకి గాలి ఊది, మూతి బిగించి నొక్కి చూడండి. ఈ జాగ్రత్త నాకెలా అబ్బిందో అడక్కండి.

కవరును చేతికి తొడుగులా వేసుకోండి. వంగే ముందు గొలుసును కాలితో తొక్కిపట్టండి. మణికట్టుకు చుట్టుకుంటే, పిల్లి కనబడగానే కుక్క లాగుతుంది, మీరు సరిగ్గా మలం మీదే పడతారు. మలాన్ని గుప్పిట పట్టి, రెండో చేత్తో కవరు అంచును వేళ్ల మీదుగా లాగితే అది తిరగబడి మలం లోపలికి పోతుంది. ముడి వేసేముందు ఒకసారి చూడండి. రక్తపు చారలు, తారులాంటి నలుపు, బియ్యపు గింజల్లాంటి తెల్లటి బద్దెపురుగు ముక్కలు కనిపిస్తే పశువైద్యుడికి చెప్పాలి.

పలచగా పోతేనే అసలు పరీక్ష. పొడిమట్టి చల్లి, కాస్త ఆగి, అట్టముక్కతో గీకి ఎత్తాలి. నీళ్లు కొట్టి కాలువలోకి తోసేస్తే శుభ్రం చేసినట్టు కాదు. చీకట్లో టార్చి తప్పనిసరి.

‘వానకు అదే కరిగిపోతుంది’ అంటారు కొందరు. కరిగేది మలమే. అందులోని ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. తాజా మలంలోని గుడ్లు వెంటనే సోకవు, అందుకు సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఆ తర్వాత అదే మట్టిలో ఆడుకున్న పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి అప్పటికప్పుడు ఎత్తడమే మేలు.

ముడేసిన కవరు చెత్తడబ్బాలోకే పోవాలి. పొదకు తగిలించి పోయేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎత్తనివారే నయం, ప్లాస్టిక్ అయినా మిగల్చరు.

కవర్లు లేని రోజున ఆ చోట పుల్ల గుచ్చి, ఇంటికి వెళ్లి తెచ్చుకోండి. నేను రెండుసార్లు అలా వెనక్కి వెళ్లాను. రెండోసారి పుల్ల ఉంది, పక్కన చెప్పు అచ్చు ఉంది.