మన సైకిలు మనమే చూసుకుందాం – 4వ పాఠం: రోడ్డుకో టైరు, ట్రైనర్‌కో టైరు

గత పాఠంలో ట్యూబుకు ప్యాచ్ వేయడం నేర్చుకున్నాం. ఆ పని మాటిమాటికీ పడకుండా ఉండాలంటే టైరు మంచిదై ఉండాలి. ఈసారి రోడ్డుకూ, ట్రైనర్‌కూ (సైకిలును ఇంట్లో కదలకుండా నిలిపి తొక్కే స్టాండుకు) తగిన టైరును ఎంచుకోవడం నేర్చుకుందాం.

ముందు తడిగుడ్డతో మీ వెనక టైరు పక్క గోడను తుడవండి. ఉబ్బెత్తుగా రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. ఒకటి షాపుల్లో వినిపించే 26 x 1.75, 700 x 35సి లాంటి కొలత. రెండోది 47-559, 37-622 లాంటిది. కొనేటప్పుడు నమ్మాల్సింది ఈ రెండోదాన్నే. ఇందులో మొదటి అంకె గాలి నిండాక టైరు వెడల్పు. రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. 26 అంగుళాలని పిలిచే టైర్లలోనే 559 ఉంది, 584 ఉంది, 590 కూడా ఉంది. 26 x 1.75 అంటే 559. 26 x 1 3/8 అంటే 590. రిమ్ము ఒకటై, టైరు ఇంకోటైతే ఎంత లాగినా ఎక్కదు, లేదా ఎక్కి ఊడిపోతుంది. అదే 700సి అన్నా, 29 అన్నా రిమ్ము మాత్రం 622. పాల క్యాన్లు మోసే పాత నల్ల సైకిళ్ల 28 x 1 1/2 టైరు 635. అందుకే షాపుకు వెళ్లేముందు ఆ అంకెల్ని ఫోన్లో ఫోటో తీసుకోండి.

ఇక మన్నిక సంగతి. గుబ్బలు పెద్దగా ఉంటే టైరు గట్టిదని చాలామంది అనుకుంటారు. నేను దీన్ని గట్టిగా కాదంటాను. గుబ్బలు మట్టిలో, రాళ్లలో పట్టు కోసం పెట్టినవి. తారు రోడ్డు మీద బరువంతా ఆ గుబ్బల కొసల మీదే పడుతుంది. అవి అటూ ఇటూ వంగుతూ త్వరగా అరిగిపోతాయి, తొక్కే శక్తినీ తినేస్తాయి. వానలో జారకుండా కాపాడతాయన్నదీ అపోహే. కారు టైరులా సైకిలు టైరు నీటిపై తేలిపోదు. అది సన్నగా, గుండ్రంగా ఉంటుంది, వేగం కూడా తక్కువ. తడి తారు మీద పట్టునిచ్చేది రబ్బరు నాణ్యతే. ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొని ఆఫీసుకో కాలేజీకో తారు రోడ్డు మీదే వెళ్లేవాళ్లు, గుబ్బలు తీసేసి అదే రిమ్ముకు సరిపోయే నున్నటి టైర్లు వేయించుకుంటే, కొత్త సైకిలు కొన్నంత తేడా తెలుస్తుంది.

మన్నికనిచ్చేవి మూడు: నేలను తాకే చోట రబ్బరు మందం, దాని కింద ఉండే పంచర్ రక్షణ పొర, లోపలి పోగుల అల్లిక. అల్లిక ఎంత ఒత్తుగా ఉందో టీపీఐలో చెబుతారు, అంటే అంగుళానికి ఎన్ని పోగులన్నది. 120 టీపీఐ టైరు పలచగా, మెత్తగా సాగుతుంది, పందేలకు బాగుంటుంది. రోజువారీ సైకిలుకు 60 అటూఇటూ ఉన్నా చాలు, ముతక పోగుల చుట్టూ రబ్బరు ఎక్కువ పడుతుంది. కొన్ని కంపెనీలు మూడు పొరల్ని కలిపి 180 అని వేస్తాయి, ఆ అంకె చూసి మోసపోకండి.

రక్షణ పొరల్లోనూ తేడాలున్నాయి. ష్వాల్బే మారథాన్ ప్లస్‌లో 5 మిల్లీమీటర్ల మందాన సాగే రబ్బరు పొర ఉంటుంది. కాంటినెంటల్ గేటర్‌స్కిన్‌లో పలచటి గట్టి నేత పొర ఉంటుంది. మొదటిది బాగా బరువు, కానీ ముల్లు గుచ్చుకున్నా ట్యూబుదాకా చేరడం కష్టం. రెండోది తేలికైన రోడ్డు సైకిళ్లకు నప్పుతుంది. మన దగ్గర అసలు శత్రువులు గాజుముక్కల కంటే పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. ఊరి బాటల్లో, రోడ్డు అంచున తొక్కేవాళ్లు బరువు భరించి మందపు పొరే తీసుకోవాలని నా సలహా. ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ పొర సాధారణంగా నేలను తాకే భాగం కిందే ఉంటుంది, పక్క గోడకు ఉండదు.

ఎంత మంచి టైరైనా గాలి తక్కువగా ఉంటే పక్కలు నలిగి పగుళ్లు వస్తాయి. డెబ్బై కిలోల మనిషి 37 మిల్లీమీటర్ల టైరు మీద వెళితే వెనక సుమారు 60 పీఎస్ఐ గాలి ఒత్తిడి, ముందు ఐదారు తక్కువతో మొదలుపెట్టి చూసుకోవచ్చు. టైరు పక్క గోడ మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటకూడదు. బరువు ఎక్కువగా మోసేదీ, తొక్కే బలం పడేదీ వెనక టైరే కనుక అదే త్వరగా అరుగుతుంది. కొత్తది కొన్నప్పుడు ముందు చక్రానికి వేసి, ముందున్నదాన్ని వెనక్కి మార్చండి. ముందు టైరు జారితే మనిషి పడిపోవడం దాదాపు ఖాయం, మంచి టైరు అక్కడే ఉండాలి. ఎండలో సైకిలు నిలపడం కూడా తగ్గించండి, ఎండకు రబ్బరు పెళుసుబారుతుంది.

ఇంట్లో ట్రైనర్ మీద తొక్కేవాళ్లకు లెక్క వేరు. వెనక చక్రం తీసేసి చైన్‌ను నేరుగా తగిలించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనరైతే టైరుతో పనే లేదు, ఈ భాగం వదిలేయండి. చక్రాన్ని చిన్న ఇనుప రోలర్ నొక్కే రకమైతే జాగ్రత్త. రోడ్డు చదునుగా ఉంటుంది. రోలర్ సన్నగా ఉండటంతో టైరు ప్రతి చుట్టులో మధ్య భాగంలో లోతుగా వంగి లేస్తుంది. ఎదురుగాలి లేక ఆ వేడి చల్లారదు. అందుకే మామూలు టైరు మధ్యలో బల్లపరుపుగా అరిగిపోతుంది, గచ్చు మీద నల్లటి పొడి రాలుతుంది. గుబ్బల టైరైతే ఇల్లంతా మోత, గుబ్బలు తెగి ఊడిపోతాయి కూడా.

దీనికోసమే ట్రైనర్ టైర్లు అమ్ముతారు. వేడిని తట్టుకునే గట్టి రబ్బరు, పైన నున్నగా ఉంటుంది. సన్న టైర్లలోనే కాక ఎంటీబీ కొలతల్లోనూ దొరుకుతాయి. కానీ వీటిని వేసుకుని రోడ్డెక్కకండి. ఆ గట్టి రబ్బరుకు తారు మీద పట్టుండదు, తడిలో మరీ ప్రమాదం. రోజూ ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం ట్రైనర్ తొక్కేవాళ్లు టైరు మార్చుకుంటూ కూర్చోలేరు. పాత వెనక చక్రం ఒకటి సంపాదించి, అదే రకం గేర్ల సెట్టు బిగించి, దానికి ట్రైనర్ టైరు వేసి పక్కన ఉంచుకోవడం మేలు. అంత ఖర్చు వద్దనుకుంటే, రోడ్డుకు పనికిరానంత అరిగి, పోగులు ఇంకా బయటపడని నున్నటి పాత టైరును ట్రైనర్‌కు కేటాయించండి. గాలి ప్రతిసారీ ఒకే కొలతకు కొట్టండి, రోలర్ ఒత్తిడి మాన్యువల్ ప్రకారం బిగించండి. పవర్ చూపించే ట్రైనరైతే పది నిమిషాలు తొక్కి టైరు వేడెక్కాకే క్యాలిబ్రేట్ చేయండి (కొలతను సరిచూసి సెట్ చేయండి), లేకపోతే అంకెలు తప్పుతాయి. పని అయ్యాక రోలర్‌ను వదులు చేయడం మరవకండి, నొక్కి ఉంచితే టైరు అక్కడ చదునైపోతుంది.

వచ్చే పాఠంలోగా మూడు పనులు చేయండి. రెండు టైర్ల ఈటీఆర్‌టీఓ అంకెలు, అంటే ఆ రెండో రకం కొలత, నోటుబుక్కులో రాయండి. పక్క గోడల్లో పగుళ్లు, ఉబ్బులు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. మడ్‌గార్డుకీ, ఫోర్కుకీ టైరుతో ఎంత ఖాళీ ఉందో కొలవండి, వెడల్పాటి టైరు పడుతుందో లేదో అదే చెబుతుంది. టైరు అంచును రిమ్ము నుంచి పైకి లేపే రెండు ప్లాస్టిక్ టైరు లీవర్లు కొని ఉంచుకోండి, ఐదో పాఠంలో పాత టైరు విప్పి కొత్తది ఎక్కిద్దాం.