తిండి మానేసిన మా బల్లి

మేముండేది డల్లాస్‌లో. మా వాడు ఏడాదిపాటు పోరి లెపర్డ్ గెకోను కొనిపించాడు. "డబ్బులిచ్చి బల్లిని తెచ్చుకున్నార్రా!" అని అమ్మ ఫోన్లో నెత్తి కొట్టుకుంది. ఇది గోడలెక్కదు, కనురెప్పలు కూడా ఉంటాయని చెప్పినా వింటేనా.

నవంబరులో తిండి మానేసింది. కీచురాళ్లను వేస్తే అవి దీని వీపు మీదే షికార్లు చేస్తున్నాయి. తోక సన్నబడింది. కొవ్వు దాచుకునేది అక్కడే కాబట్టి భయమేసింది.

తొట్టి గోడకు అంటించిన థర్మామీటరు 88 ఫారన్‌హీట్ చూపిస్తోంది. వంటింట్లో దోసె పెనం వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చి నేల మీద చూస్తే 76! థర్మామీటరు ఉన్నది పైన, దీపం పక్కన. ఇది బతికేది కింద. పొట్టకు వెచ్చదనం తగలకపోతే దీనికి తిన్నది అరగదు. అడుగున హీట్ మ్యాట్, దాని వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పెట్టి వేడి వైపు నేలను 90 దగ్గర, అంటే 32 సెల్సియస్ దగ్గర నిలిపాను. రెండో వైపు 75. ఇసుక తీసేసి పేపర్ టవల్ పరిచాను.

వేళ్లకు పాత కుబుసం దారంలా బిగుసుకుని ఉంది. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నిలబెట్టి, తడి ఇయర్‌బడ్‌తో మెల్లగా తోస్తే ఊడింది. పెరుగు డబ్బాకు కన్నం చేసి, లోపల తడి టిష్యూ వేసి ఉంచాను, మళ్లీ కుబుసం విడిచేటప్పుడు దూరడానికి.

నాలుగో రోజు తోక కొస ఆడించి, కీచురాయి మీదికి ఒక్క గెంతు!

ఇప్పుడు రోజు విడిచి రోజు ఐదారు కీచురాళ్లు, అరిసెకు నువ్వులద్దినట్టు కాల్షియం పొడి అద్ది వేస్తున్నాం. మిగిలినవి రాత్రికి తీసేయాలి, లేకపోతే అవే దీన్ని కొరుకుతాయి.