కెమెరా కొనుగోలు పాఠాలు - 4: గ్రే సరుకు, వారంటీ కార్డు

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని చేశారా? ఒకే లెన్స్ ధర నాలుగు చోట్ల చూసి రాసుకోమన్నాను. చేసినవాళ్లకు ఒక సంగతి కనబడే ఉంటుంది. మూడు ధరలు అటూ ఇటూగా ఒక్కచోటే ఉంటాయి, నాలుగోది మాత్రం బాగా కిందికి ఉంటుంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో ‘ఇంపోర్టెడ్’ అనో ‘ఇంటర్నేషనల్ వెర్షన్’ అనో ‘సెల్లర్ వారంటీ’ అనో రాసి ఉంటుంది. ఆ నాలుగో ధరకు వచ్చేదాన్నే గ్రే సరుకు అంటారు. ఈ పాఠం దాని గురించి.

గ్రే సరుకు అనగానే చాలామంది నకిలీ అనుకుంటారు. కాదు. అదే ఫ్యాక్టరీ, అదే గాజు, అదే సెన్సర్. కంపెనీ ఒక దేశంలో అమ్మమని పంపిన సరుకును ఎవరో అక్కడ టోకున కొని, ఇంకో దేశంలో అమ్ముతారు. ఆ రెండో దేశంలో కంపెనీ నియమించిన డిస్ట్రిబ్యూటర్‌కు ఈ బేరంతో సంబంధం ఉండదు. డిస్ట్రిబ్యూటర్ తన ధరలో ప్రకటనల ఖర్చు, సర్వీస్ సెంటర్ ఖర్చు, వారంటీ రిపేర్ల ఖర్చు కలుపుకుంటాడు. గ్రే వ్యాపారికి ఆ బరువు లేదు. కరెన్సీ మారకం కలిసొస్తే ధర ఇంకా తగ్గుతుంది. అంటే మీకు మిగిలిందనుకునే డబ్బులో కొంత, మీకు అందని సర్వీస్ తాలూకు డబ్బే.

ఇది చట్టబద్ధమేనా అని అడుగుతుంటారు. దేశాన్ని బట్టి ఉంటుంది. విదేశంలో న్యాయంగా కొన్న కాపీరైట్ ఉన్న వస్తువును తెచ్చి అమ్ముకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2013లో కర్ట్‌సాంగ్ కేసులో చెప్పింది. ఆ కేసు పాఠ్యపుస్తకాల మీద నడిచింది. యూరప్‌లో గాలి వేరు. కళ్లజోళ్ల ఫ్రేముల మీద వచ్చిన సిల్హౌట్ కేసులో, 1998లో, బయటి దేశాల నుంచి తన అనుమతి లేకుండా వచ్చే సరుకును ట్రేడ్‌మార్క్ యజమాని ఆపవచ్చని అక్కడి న్యాయస్థానం తేల్చింది. ఈ తలనొప్పి ఎక్కువగా అమ్మేవాడిది. కొనేవాడి తలనొప్పి వారంటీ.

ఇక అసలు పాఠం. వారంటీ అనేది కెమెరాకు పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఫలానా వాళ్లు ఫలానా చోట మీకిచ్చిన మాట. అందుకే ‘వారంటీ ఉందా?’ అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ‘ఎవరిస్తున్నారు, ఎక్కడ చెల్లుతుంది?’ అని అడగాలి. జవాబు మూడు రకాలుగా రావచ్చు. తయారీ కంపెనీ మీ దేశంలో ఇచ్చేది ఒకటి. కొన్ని వస్తువులకు మాత్రమే ఉండే ప్రపంచవ్యాప్త వారంటీ రెండోది. అమ్మినవాడు తన సొంతంగా ఇచ్చేది మూడోది. ఈ మూడోదాన్నే కొందరు ‘ఇంటర్నేషనల్ వారంటీ’ అని గొప్పగా రాస్తారు. చదవగానే రెండోదేమో అనిపిస్తుంది, జాగ్రత్త.

నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక లెన్స్ ఇలాగే చవకగా కొన్నాను. ఎనిమిదో నెలలో అపర్చర్ రేకులు, అంటే లెన్స్‌లోకి వచ్చే వెలుగును తగ్గించి పెంచే రేకులు, బిగుసుకుపోయాయి. ఏ నంబర్ పెట్టినా ఫొటో ఒకే వెలుగుతో వచ్చేది. పెట్టె, బిల్లు, కార్డు అన్నీ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన లెన్స్‌ను చూడనే లేదు. కార్డు తిప్పి, వెనక అడుగున ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. “సార్, ఇది మా రీజియన్‌ది కాదు.” డబ్బులిస్తాను చేయండి అన్నాను. “సీరియల్ నంబర్ మా సిస్టమ్‌లో ఎక్కదు సార్, జాబ్ కార్డే తెరుచుకోదు” అన్నాడు. ఆ వాక్యం కొన్న రోజు నుంచీ నా దగ్గరే ఉంది. చదివింది మాత్రం ఆ రోజే.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు, కొన్నిచోట్ల కంపెనీ విధానమే ఇది. నికాన్ అమెరికా శాఖ గ్రే సరుకుకు వారంటీ సర్వీస్ ఇవ్వదు, డబ్బు తీసుకుని కూడా రిపేరు చేయదు. బయటి మెకానిక్ ఉన్నాడుగా అంటారేమో. తను గుర్తించని రిపేరు షాపులకు విడిభాగాలు అమ్మడం అది 2012లోనే ఆపేసింది. గుర్తింపు ఇచ్చిన షాపుల పథకాన్ని కూడా 2020లో ముగించింది. అన్ని కంపెనీలూ ఇంత కఠినంగా ఉండవు. కాబట్టి కొనేముందు మీ దేశపు సర్వీస్ సెంటర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి. ‘వేరే దేశంలో కొన్న ఈ మోడల్‌కు వారంటీ వర్తిస్తుందా? లేకపోతే డబ్బు తీసుకుని రిపేరు చేస్తారా?’ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి, జవాబు దాచుకోండి. రెండో ప్రశ్నకు ‘చేయం’ అని వస్తే, నా మటుకు నేను ఆ బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) జోలికి పోను.

కార్డులో చూడాల్సినవి నాలుగే. ఏ దేశంలో చెల్లుతుందో చెప్పే వాక్యం, గుర్తింపు పొందిన డీలర్ ముద్ర, కొన్న తేదీ, సీరియల్ నంబర్. మొదట కొన్నవారికే వర్తిస్తుందన్న షరతు ఉందేమో కూడా చూడండి, రేపు అమ్ముకోవాలంటే అడ్డొస్తుంది. కింద పడటం, నీళ్లు, ఇసుక మామూలుగా ఏ వారంటీలోనూ రావు. ‘వారంటీ ఉంటే నా కెమెరా బతికేది’ అని బాధపడేవాళ్లలో చాలామంది కెమెరా కింద పడిందే.

వారంటీ లేకపోయినా చట్టం కొంత కాపాడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో లోపమున్న వస్తువుకు కనీసం 2 సంవత్సరాల పాటు అమ్మినవాడే బాధ్యుడు. కంపెనీ కార్డుతో దానికి పని లేదు. అయితే అమ్మినవాడు సముద్రం అవతల ఉంటే ఆ హక్కును పట్టుకుని ఏం చేస్తారు?

వారంటీ ఒక్కటే తేడా అనుకోకండి. జపాన్‌లో అమ్మడానికి చేసిన సోనీ కెమెరాలు చాలావాటిలో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చుకునే వీలుండదు. దూరంగా ఉన్న ఫ్లాష్‌ను తీగ లేకుండా వెలిగించే పాకెట్‌విజార్డ్ రేడియో ట్రిగ్గర్లలో అమెరికా రకం 344 మెగాహెర్ట్జ్ దగ్గర, యూరప్ రకం 433 దగ్గర పనిచేస్తాయి. ఒకటి అక్కడిది, ఒకటి ఇక్కడిది కొంటే ఫ్లాష్ వెలగదు, మీరు బ్యాటరీలు మారుస్తూ కూర్చుంటారు. కెమెరా చార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, పిన్ను మారిస్తే చాలు. గోడ కరెంటుతో నడిచే స్టూడియో లైట్లు అన్నీ అలా ఉండవు, వెనక ఉన్న పట్టీ చదవండి. ఒక్కోసారి గ్రేనే మేలు కూడా. యూరప్‌లో ఎక్కువసేపు వీడియో తీసే కెమెరాకు దిగుమతి సుంకం ఎక్కువ పడేది. అందుకే పానాసోనిక్ జీహెచ్4 అక్కడ 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేది. అమెరికా మోడల్‌కు ఆ అడ్డు లేదు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీయండి. అధికారిక ధర 100 అనుకుందాం, గ్రే ధర 82. మిగులు 18. వారంటీ కాలంలో ఇరవైలో ఒకటి చెడుతుందని, చెడితే ఇక బాగుపడదని అనుకుందాం. అప్పుడు సగటు నష్టం 82లో ఇరవయ్యో వంతు, అంటే దాదాపు 4. నాలుగు పోయే చోట పద్దెనిమిది మిగులుతోంది. లెక్క గ్రే వైపే మొగ్గింది. నేను దాచను.

కానీ సగటు అనేది ఇరవై కెమెరాలు కొన్నవాడికి. మీరు కొనేది ఒక్కటి. చెడితే పోయేది 4 కాదు, 82. ఆ 82 పోయినా మళ్లీ కొనగలనంటే, కెమెరా చెడిన వారం మీ పని ఆగదంటే, గ్రే తీసుకోండి. అప్పు చేసి కొంటూ, దాంతోనే పెళ్లి ఆర్డర్లు ఒప్పుకుంటే మాత్రం వద్దు. గ్రే ధర 82 బదులు 95 ఉంటే ఎవరికైనా వద్దు. ఐదు కోసం ఎందుకంత టెన్షన్?

సుంకాన్ని కూడా లెక్కలో వేయండి. రిపేరుకు విదేశం పంపితే రానూపోనూ కొరియర్ ఖర్చు ఉంటుంది. తిరిగి తెచ్చుకునే వస్తువని పంపేటప్పుడే కస్టమ్స్ కాగితాలు రాయించకపోతే, సొంత కెమెరాకే మళ్లీ సుంకం అడగవచ్చు.

వస్తువును బట్టి నా తీరు ఇది. చేత్తో ఫోకస్ చేసే లెన్స్, ట్రైపాడ్, ఫిల్టర్: గ్రే అయినా కొంటాను. మోటారు, స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసేది) ఉన్న లెన్స్ అయితే ఆలోచిస్తాను. బాడీ అయితే చాలాసార్లు వద్దనుకుంటాను. బ్యాటరీ మాత్రం ఎప్పుడూ కొనను, అందులో నకిలీలు ఎక్కువ.

పార్సిల్ వచ్చాక పెట్టె తెరిచే ముందు నుంచీ ఒకే బిగిన వీడియో తీయండి. పెట్టె మీది నంబరు, కార్డు మీదిది, బాడీ అడుగున ఉన్నదీ ఒకటేనా చూడండి. బ్యాటరీ, చార్జర్, బెల్టు ఉన్నాయా చూడండి. ఇవన్నీ తీసేసి, ఫోన్ చేసి విడిగా అమ్మజూపే వ్యాపారులున్నారు. వాపసు గడువు తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టి, అది మోగేలోపు ప్రతి బటన్, ప్రతి అపర్చర్ వాడేయండి.

ఇంటిపని: మీ ఇంట్లో ఉన్న ఏ కెమెరా వారంటీ కార్డయినా తీయండి. దేశం గురించిన వాక్యం ఎక్కడుందో వెతికి, మీ సొంత మాటల్లో రాయండి. గడువు తీరిన కార్డయినా ఫర్వాలేదు. వచ్చే పాఠంలో వాడిన బాడీ కొనడం, షట్టర్ కౌంట్ (అది అప్పటికి ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) చూడటం.