కిబెరాలో చర్చినీ బడినీ చూడబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కెన్యా రాజధాని నైరోబీ నడిబొడ్డుకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో, రైలు కట్టను ఆనుకొని రేకుల ఇళ్ళతో కిక్కిరిసిన పేదవాడ కిబెరా. ఆదివారం ఆరాధన జరిగిన షెడ్డులోనే సోమవారం నుంచి బడి నడవడం అక్కడ మామూలే. 2003లో ప్రభుత్వం ప్రాథమిక విద్యను ఉచితం చేసినా, ఉన్న సర్కారు బడులు అంతమంది పిల్లలకు చాలకపోవడం వల్ల, చర్చిలూ స్థానికులూ నడిపే చిన్న బడులే చాలా కుటుంబాలకు దిక్కయ్యాయి. మన చర్చి సంఘాల నుంచి అక్కడికి వెళ్ళదలచినవారు ముందుగా కొన్ని సంగతులు చూసుకోవాలి.

మొదటిది ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర ఈ టీకా పత్రం లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అవకాశం ఉంది. టీకా వేయించుకున్న పది రోజులకు గాని ఆ పత్రం చెల్లదు కాబట్టి, దీన్ని టికెట్టు కొన్న వారంలోనే ముగించుకోవడం మేలు. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. అరవై దాటినవారూ, గుడ్డు పడనివారూ ముందే డాక్టరుతో మాట్లాడాలి. నైరోబీ ఎత్తైన ప్రదేశం కావడం వల్ల అక్కడ మలేరియా భయం తక్కువే గాని, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము వైపు కూడా వెళ్ళే ఆలోచన ఉంటే మలేరియా మాత్రలు తప్పనిసరి.

మార్చి నుంచి మే వరకు పెద్ద వానల కాలం. వాడలోని సందులు ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగవలసినంత ఇరుకు. మధ్యలో మురుగు పారుతుంటుంది, దాని మీద అడ్డంగా వేసిన చెక్క తడిస్తే కాలు జారుతుంది. అందుకని గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకోవాలి. వాన జోరైతే రేకుల చప్పుడుకు టీచరు మాట మొదటి వరుసకు కూడా వినిపించదు కాబట్టి, ఆ నెలల్లో బడి చూడటానికి ఉదయాన్నే వెళ్ళడం మంచిది. స్థానికులు తోడు లేకుండా తిరగరాదు; చీకటి పడకముందే బయటపడాలి.

పిల్లలకు ఇవ్వదలచిన వస్తువులను పాలిథిన్ కవర్లలో సర్దుకోవద్దు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. గుడ్డ సంచులు చాలు.

చర్చిలో మనవాళ్ళలా చెప్పులు బయట విడవనక్కరలేదు. ఆరాధన గంటల తరబడి సాగుతుంది, కొత్తవారిని నిలబెట్టి రెండు మాటలు చెప్పమంటారు. అక్కడి స్వాహిలీ భాషలో 'బ్వానా అసిఫివే' అంటే మన 'ప్రభువుకు స్తోత్రం' లాంటిదే. ఆ ఒక్క మాట నేర్చుకొని వెళితే సభ అంతా 'ఆమెన్' అంటుంది. అయితే ఆ ఉత్సాహంలో వేదిక మీద నుంచి గది కట్టిస్తామనో, బిడ్డను చదివిస్తామనో వాగ్దానం చేయవద్దు. మనం విమానం ఎక్కాక ఆ మాటకు జవాబు చెప్పుకోవలసింది అక్కడి పాస్టరు గారే.

బడిలో మరింత జాగ్రత్త కావాలి. చాక్లెట్ల డబ్బా తెరిస్తే ముందు పెద్దపిల్లల చేతులు వస్తాయి, చిన్నవాళ్ళు కింద పడతారు. ఏమిచ్చినా హెడ్మాస్టరు చేతికివ్వాలి. బియ్యమో నూనో మోసుకెళ్ళడం కన్నా, మధ్యాహ్నం వండే గిథేరీకి, అంటే మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి ఉడికించే తిండికి, సరుకు అక్కడే కొనడం వల్ల పక్క దుకాణదారుకూ బేరం దొరుకుతుంది. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయరాదు, ముఖ్యంగా ముక్కు కారుతున్న బిడ్డనో చినిగిన చొక్కానో వెతికి తీయడం నా దృష్టిలో దొంగతనం కన్నా తక్కువది కాదు. పెద్దవారెవరూ లేకుండా ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకూడదు.

నగదు ఎక్కువగా వెంట ఉంచుకోవద్దు. అక్కడ చిల్లర కొట్టులో కూడా ఎం-పెసా ద్వారా ఫోనులోనే చెల్లింపులు జరుగుతాయి. విరాళాన్ని ఒక మనిషి పేరున కాక బడి ఖాతాకే పంపి రసీదు అడగాలి. భవనానికి ఇచ్చేముందు స్థలం ఎవరిదో తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే కిబెరా భూమిలో అధికభాగం ప్రభుత్వానిది, 2018 జూలైలో రోడ్డు కోసం ఇళ్ళతో పాటు బడులను కూడా కూల్చివేశారు.

తిరిగి వచ్చిన తరువాత కొన్ని నెలల లోపు జ్వరం వస్తే, ఆఫ్రికా వెళ్ళి వచ్చిన సంగతి డాక్టరుకు ముందే చెప్పి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి.