చదువులో ముందున్న బిడ్డను ఒడియా బడిలో చేర్చే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో అయిదేళ్లకే కథల పుస్తకాలు చదివే పిల్లలు ఉంటారు. అలాంటి బిడ్డను ఒకటో తరగతికి పంపే ముందు ఇవి చూసుకోండి.

– 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. తెలివైన బిడ్డ కదా అని పుట్టిన తేదీ మార్చి రాయించకండి.

– చేర్చుకోవడానికి బిడ్డకు పరీక్ష పెడతామంటే ఒప్పుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

– అన్నిటికన్నా ముఖ్యం లిపి. తెలుగు గడగడా చదివే బిడ్డ ఒడియా అక్షరాల ముందు ఒక్కసారిగా తడబడతాడు. ఏదైనా ఇట్టే వచ్చేయడం అలవాటైన పసిమనసుకు అది పెద్ద దెబ్బ. సెలవుల్లోనే రోజుకు కొన్ని అక్షరాలు పరిచయం చేయండి. అ ఆలు, క ఖ గలు అదే వరుసలో ఉంటాయి కాబట్టి త్వరగానే అందుకుంటాడు. దాహం, కడుపునొప్పి, మూత్రానికి వెళ్లాలన్న మాట ఒడియాలో చెప్పగలగాలి. ఎక్కాలకన్నా ఇదే ముందు నేర్పాలి.

– కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించండి.

– టీచరుగారిని ముందే కలిసి బిడ్డ నోటుపుస్తకం చూపండి. బొత్తాలు పెట్టుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం వంటి రానివీ చెప్పండి. పని త్వరగా ముగిస్తే చదువుకోవడానికి సంచిలో ఒక పుస్తకం ఉంచవచ్చా అని అడగండి.

– చుట్టాల ముందు పద్యాలు అప్పజెప్పించడం మానండి.